కార్డు చేతిలోనే ఉంది, మరి ఓటు ఎక్కడ గల్లంతైంది?

పోలింగ్ రోజు మధ్యాహ్నమయ్యేసరికి టీవీల్లో ఒక దృశ్యం తప్పకుండా కనిపిస్తుంది. బూత్ బయట ఎవరో ఒకరు ఓటరు కార్డును కెమెరా ముందుకు చాపి, "పోయినసారి ఇక్కడే వేశాను, ఇప్పుడు పేరు లేదంటున్నారు" అని మండిపడుతుంటారు. 2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో ఇలాంటి ఫిర్యాదులు ఎంతగా వెల్లువెత్తాయంటే, అప్పటి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి రజత్ కుమార్ ఓటర్లకు బహిరంగంగా క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల పేరు కూడా ఆ రోజు జాబితాలో దొరకలేదు.

అలా మండిపడేవారి కోపం న్యాయమైనదే. వాళ్లను వెనక్కి పంపిన పోలింగ్ సిబ్బందిదీ తప్పు కాదు. ఓటు హక్కు కార్డులో లేదు, జాబితాలో ఉంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ ప్రకారం నియోజకవర్గం జాబితాలో పేరున్నవారికే అక్కడ ఓటు. కార్డు ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది. దొంగ ఓట్లను అరికట్టాలని టి.ఎన్.శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉండగా 1993లో ఫొటో గుర్తింపు కార్డును తెచ్చారు. జాబితాలోని ఫలానా పేరు మీదేనని చూపించడం వరకే దాని పని. పేరే లేకపోతే కార్డు చూపించడానికి ఏమీ మిగలదు.

అంటే మనిషి ఓటు వేయాలంటే రెండు ప్రశ్నలు దాటాలి. పేరుందా? ఆ పేరు నీదేనా? అమెరికా, బ్రిటన్‌లలో గుర్తింపు కార్డుల మీద జరిగే రచ్చంతా రెండో ప్రశ్న గురించి. మన దగ్గర రెండో ప్రశ్న తేలిక, మొదటిదే గండం. పైగా ఆ గండం ఎన్నికలకు నెలల ముందు, చప్పుడు చేయకుండా వచ్చిపోతుంది.

తేలికైనదాన్ని ముందు చూద్దాం.

బూత్‌లో ఏం చూస్తారు

ఓటరు కార్డు లేకపోయినా, ఫొటో ఉన్న మరో గుర్తింపు పత్రం చాలు. 2024 లోక్‌సభ ఎన్నికలకు ఎన్నికల సంఘం 12 పత్రాలను అనుమతించింది: ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, కార్మిక శాఖ పథకం కింద ఇచ్చిన ఆరోగ్య బీమా స్మార్ట్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాన్ కార్డు, జాతీయ జనాభా రిజిస్టర్ కింద ఇచ్చిన స్మార్ట్ కార్డు, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న పింఛను పత్రం, ప్రభుత్వ, ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగుల ఫొటో గుర్తింపు కార్డు, ఎంపీ, ఎమ్మెల్యే, ఎమ్మెల్సీల అధికారిక కార్డు, దివ్యాంగుల యూడీఐడీ కార్డు. ఇందులో రేషన్ కార్డు లేదని గమనించండి. కాలేజీ ఐడీ, ప్రైవేటు కంపెనీ బ్యాడ్జి కూడా చెల్లవు.

చాలామంది పొరబడేది ఓటరు స్లిప్పు విషయంలో. బూత్ స్థాయి అధికారి, అంటే బీఎల్‌వో, ఇంటికి తెచ్చిచ్చే చీటీ ఒకప్పుడు గుర్తింపు పత్రంగా పనికొచ్చేది. దుర్వినియోగం అవుతోందని 2019 ఎన్నికల ముందు ఆ వెసులుబాటు తీసేశారు. ఇప్పుడు ఆ చీటీ మీద ఫొటో కూడా ఉండదు. భాగం నంబరు, క్రమసంఖ్య, బూత్ చిరునామా తెలుసుకోవడానికి మాత్రమే అది పనికొస్తుంది. అయినా వెంట తీసుకెళ్లండి, జాబితాలో పేరు వెతికే సమయం తగ్గుతుంది.

కార్డు మీద పేరులో అక్షరం తప్పుపడినా, ఇంటిపేరు ముందూ వెనకా అయినా ఓటు ఆపకూడదు. అచ్చు తప్పుల్ని, రాత తప్పుల్ని పట్టించుకోవద్దని 1961 ఎన్నికల నిర్వహణ నియమాలే చెబుతున్నాయి. ఇల్లు మారకముందు పాత నియోజకవర్గంలో తీసుకున్న కార్డు కూడా చెల్లుతుంది, కొత్తచోటి జాబితాలో పేరుంటే చాలు. కార్డు మీది ఫొటో మనిషిని పోల్చుకునేలా లేనప్పుడు మాత్రం పై పన్నెండింటిలో ఒకటి అడుగుతారు. 1990ల్లో చీకటి గదుల్లో నిలబెట్టి తీసిన ఆ నలుపు తెలుపు ఫొటోలను చూస్తే అలా అడగడంలో అన్యాయమేమీ లేదనిపిస్తుంది.

లోపలికి వెళ్లాక మొదటి పోలింగ్ అధికారి జాబితాలో పేరు చూసి క్రమసంఖ్యను, పేరును గట్టిగా చదువుతారు. పక్కన కూర్చున్న పార్టీల ఏజెంట్లు వినాలనే అలా చదవడం. రెండో అధికారి ఎడమచేతి చూపుడువేలికి సిరా పూసి, 17ఎ అనే రిజిస్టరులో సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకుంటారు. మీరు చూపిన పత్రం నంబరులో చివరి నాలుగు అంకెలు కూడా అక్కడే రాస్తారు. ఓటరు కార్డు చూపిస్తే ఆ సంగతి సూచించే గుర్తు పెడితే సరిపోతుంది. తర్వాత యంత్రం దగ్గరికి. ఆ సిరా 1962 ఎన్నికల నుంచి మైసూరు పెయింట్స్ సంస్థ నుంచే వస్తోంది. నిజానికి మన వ్యవస్థలో రెండోసారి ఓటు వేయకుండా ఆపేది కార్డు కంటే ఎక్కువగా ఆ సిరాచుక్కే.

ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకునే డిజిటల్ ఓటరు కార్డు, అంటే ఈ-ఎపిక్, 2021 జనవరి నుంచి అందుబాటులో ఉంది. కానీ బూత్‌లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు కాబట్టి దాన్ని ప్రింటు తీసుకోవాలి. "తెరమీద చూపిస్తాను సార్" అంటూ గుమ్మం దగ్గర వాదిస్తే కాలం వృథా.

గొడవ వచ్చినప్పుడు

పేరుంది, మీరు వచ్చారు, కానీ అప్పటికే ఎవరో మీ పేరుమీద ఓటు వేసి వెళ్లిపోయారు. చాలామంది ఇక్కడ తిట్టుకుంటూ తిరిగి వచ్చేస్తారు. అలా రాకూడదు. బూత్‌కు బాధ్యుడైన ప్రిసైడింగ్ అధికారిని టెండర్ ఓటు అడగాలి. 1961 నియమాల్లోని 49పి ప్రకారం అది మీ హక్కు. మీరెవరో ఆయన ప్రశ్నలడిగి తేల్చుకున్నాక, యంత్రం మీద కాకుండా కాగితం బ్యాలెట్ మీద ఓటు వేయిస్తారు. దాని వెనక టెండర్ బ్యాలెట్ అని రాసి ఉంటుంది. 17బి ఫారంలో సంతకం తీసుకుని, ఆ బ్యాలెట్‌ను వేరే కవరులో పెట్టి సీలు వేస్తారు.

ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. ఆ ఓటును మామూలు లెక్కింపులో కలపరు. ఫలితం మీద కేసు పడి, తేడా అతి స్వల్పంగా ఉన్నప్పుడు కోర్టు అడిగితేనే కవరు తెరుస్తారు. 2008లో రాజస్థాన్‌లోని నాథద్వారాలో సి.పి.జోషి ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు. ఆ కేసులో టెండర్ ఓట్ల మీదే వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మామూలుగా అయితే టెండర్ ఓటు వల్ల దక్కేది ఒక రికార్డు. ఫలానా బూత్‌లో ఇన్ని దొంగ ఓట్లు పడ్డాయని చెప్పే అధికారిక కాగితం అదొక్కటే.

ఛాలెంజ్ ఓటు దీనికి తిరగబడిన వ్యవహారం. వచ్చిన మనిషి అసలు ఓటరు కాదని ఏజెంటు అభ్యంతరం చెప్పాలంటే రెండు రూపాయలు డిపాజిట్ కట్టాలి. 1961లో పెట్టిన ఆ రెండు రూపాయలు ఈనాటికీ రెండు రూపాయలే. ప్రిసైడింగ్ అధికారి అక్కడికక్కడే విచారిస్తారు. ఆరోపణ తేలకపోతే ఓటు వేయనిస్తారు, తేలితే మనిషిని పోలీసులకు అప్పగిస్తారు. వేరొకరి పేరుతో ఓటు వేస్తే భారతీయ న్యాయ సంహిత 174వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

మూడో చిక్కు ఏఎస్‌డీ జాబితా. ఇంటింటి పరిశీలనలో లేరని, వేరేచోటికి వెళ్లారని, చనిపోయారని బీఎల్‌వో గుర్తించినవారి పేర్లు అందులో ఉంటాయి. మీ పేరు ఆ జాబితాలో ఉందంటే ఓటు పోయిందని కాదు. అసలు జాబితాలో పేరు కొట్టేయకుండా ఉంటే, ప్రిసైడింగ్ అధికారి స్వయంగా మీ పత్రాలు పరిశీలించి, డిక్లరేషన్ రాయించుకుని, సంతకంతోపాటు వేలిముద్ర కూడా తీసుకుని ఓటు వేయనివ్వాలి. "నువ్వు చనిపోయినట్టుంది" అని ఏజెంటు ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి, ప్రిసైడింగ్ అధికారి దగ్గరికే వెళ్లండి.

పేరు అసలే లేకపోతే మాత్రం ఆ రోజు చేయగలిగేది ఏమీ లేదు. అయితే లేదని ఒప్పుకునే ముందు రెండు చోట్ల వెతికించండి. జాబితా చివర అనుబంధాలు ఉంటాయి, కొత్తగా చేరిన పేర్లు అక్కడికి పోతాయి. రెండోది పక్క బూత్. ఒక బూత్‌కు గరిష్ఠంగా 1,500 మంది ఓటర్లు అన్న పరిమితిని ఎన్నికల సంఘం 2025లో 1,200కు తగ్గించింది. దాంతో బూత్‌లు చీలి, పోయినసారి వేసిన గదిలోనే ఈసారీ ఉంటుందన్న నమ్మకం లేకుండా పోయింది. ఒకే అపార్ట్‌మెంటులో రెండు అంతస్తులవాళ్లు రెండు బూత్‌లకు వెళ్లే సందర్భాలు నగరాల్లో కొత్త కాదు.

పేరు ఎలా చేరుతుంది

కొత్త ఓటుకు ఫారం-6. వయసుకు జనన ధ్రువపత్రం, పదో తరగతి మెమో, పాన్, పాస్‌పోర్టు, ఆధార్, డ్రైవింగ్ లైసెన్సుల్లో ఒకటి. చిరునామాకు కరెంటు, నీళ్లు లేదా గ్యాస్ బిల్లు, పాస్‌బుక్, రిజిస్టరైన అద్దె ఒప్పందం, భూమి రికార్డు వంటివి. మీ పేరుతో లేకపోతే తల్లిదండ్రులవో, భర్తవో భార్యవో అయినా సరిపోతుంది. ఏ కాగితమూ లేనివారిని కాగితం లేదన్న కారణంతోనే తిప్పి పంపకూడదు, క్షేత్రస్థాయిలో విచారించాలి. ఇల్లే లేక ఫుట్‌పాత్ మీద పడుకునేవారి విషయంలో ఎన్నికల సంఘం నిబంధన ముచ్చటైనది: బీఎల్‌వో రాత్రిపూట, ఒకటికి మించిన రాత్రులు వెళ్లి, ఆ మనిషి అక్కడే నిద్రపోతున్నట్టు చూస్తే చాలు, చిరునామా రుజువు అక్కర్లేదు. ఆచరణలో ఎంతమంది అలా వెళ్తారన్నది వేరే ప్రశ్న.

ఒకప్పుడు జనవరి 1 నాటికి 18 నిండితేనే చేర్చుకునేవారు. జనవరి 2న పుట్టినవాడు దాదాపు ఏడాది ఆగాల్సి వచ్చేది. 2021 చట్ట సవరణ తర్వాత జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 అని నాలుగు అర్హత తేదీలు వచ్చాయి. 17 నిండినవారు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

గడువు దగ్గర చాలామంది బోల్తా పడతారు. చట్టం ప్రకారం నామినేషన్ల ఆఖరి రోజు తర్వాత జాబితాలో మార్పులు చేయకూడదు. అలాగని ఆఖరి రోజు దరఖాస్తు పెడితే పని జరగదు. వచ్చిన ప్రతి దరఖాస్తునూ అభ్యంతరాల కోసం ఏడు రోజులు బహిరంగంగా ఉంచాలి, ఆ తర్వాత విచారణ. అందుకే నామినేషన్ల గడువుకు కనీసం పది రోజుల ముందు దరఖాస్తు పడి ఉండాలి. ఎన్నికల షెడ్యూలు టీవీలో చూశాక లేచేవారికి ఇక మిగిలేది కొద్ది రోజులే.

ఇల్లు మారితే ఏ ఫారం? 2022 నుంచి ఇది మారింది. వేరే నియోజకవర్గానికి మారినా ఫారం-8 నింపాలి. కార్డు పోయినా, పేరు సవరించుకోవాలన్నా కూడా అదే. పాత అలవాటుతో మళ్లీ ఫారం-6 పెడితే, కొత్తచోట కొత్త ఓటు, పాతచోట పాత ఓటు. మీరు ఏ దురుద్దేశం లేకుండానే రెండు ఓట్లవారవుతారు. తర్వాత ఎప్పుడో డూప్లికేట్ల ఏరివేతలో, మీరు ఉంచుకోవాలనుకున్న ఓటే ఎగిరిపోతుంది.

పేరు ఎలా పోతుంది

సగం గల్లంతులకు కుట్ర అక్కర్లేదు, తాళం వేసిన తలుపు చాలు. బీఎల్‌వోలు ఎక్కువగా అంగన్‌వాడీ కార్యకర్తలు, టీచర్లు, సచివాలయ, రెవెన్యూ సిబ్బంది. సొంత పని మీద అదనంగా ఇది. వాళ్లు పగటిపూట వచ్చేసరికి ఉద్యోగస్తుల ఇళ్లు మూసి ఉంటాయి. పక్కింటివారిని అడిగితే, "వాళ్లెవరో మాకు తెలీదండీ" అంటారు. హైదరాబాద్‌లాంటి చోట అద్దె ఇళ్లలో ఉండేవారికి ఆ మాటే కొంప ముంచుతుంది. ఊళ్లలో ఆడపిల్లలకు పెళ్లయితే పుట్టింటి ఓటు తీసేస్తారు, అత్తింట్లో చేర్చాలని మాత్రం ఎవరికీ గుర్తుండదు.

పేర్ల గందరగోళం ఇంకొకటి. ఆధార్‌లో ఇంటిపేరు చివర, పదో తరగతి మెమోలో ముందు, పాన్‌లో పొడి అక్షరాలు. జాబితా తెలుగులో ఉంటుంది, వెతికేవారు ఇంగ్లిష్‌లో కొడతారు, మధ్యలో యంత్రం చేసిన లిప్యంతరీకరణ పేరును గుర్తుపట్టకుండా చేస్తుంది. ఎన్నికల సంఘం పోర్టల్లో పేరుతో వెతికి దొరకకపోతే కంగారుపడొద్దు, మూడు అక్షరాలు, ఏడు అంకెలు ఉండే కార్డు నంబరుతో వెతకండి. ఆ నంబర్లకూ ఒక చరిత్ర ఉంది. వేర్వేరు రాష్ట్రాల్లో వేర్వేరు మనుషులకు ఒకే నంబరు పడిందని 2025 మార్చిలో ఎన్నికల సంఘమే ఒప్పుకుని, సరిచేస్తామంది. నంబరు ఒకటైనంత మాత్రాన దొంగ ఓటరని కాదు, కానీ నంబరే ఆధారమనుకునే చోట అది చిన్న లోపమూ కాదు.

ఇక కావాలని చేసేవి. ఒక పేరు తీసేయమని అభ్యంతరం చెప్పడానికి ఫారం-7. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఇవి లక్షల్లో, ఎక్కువగా ఆన్‌లైన్లో వచ్చిపడ్డాయి. తాము పెట్టని దరఖాస్తులు తమ పేరుతో పడ్డాయని జనం చెప్పారు, జిల్లాల్లో పోలీసు కేసులు నమోదయ్యాయి, పార్టీలు ఒకరినొకరు తిట్టుకున్నాయి. తెలుసుకోవలసింది ఇది: ఫారం-7 పడగానే పేరు పోదు, పోకూడదు. ఓటర్ల జాబితాలకు సంబంధించిన 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 22వ సెక్షన్ ప్రకారం తొలగించే ముందు ఓటరుకు తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. గంపగుత్త దరఖాస్తులు తీసుకోకూడదు. పార్టీల బూత్ స్థాయి ఏజెంట్లు ఇచ్చేవాటికీ మామూలు రోజుల్లో పరిమితి ఉంది, రోజుకు పది. తప్పుడు డిక్లరేషన్ ఇస్తే 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు.

1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇక్కడ ఆయువుపట్టు. ఒకసారి జాబితాలోకి వచ్చిన పేరు విధివిధానం ప్రకారమే వచ్చిందని భావించాలి, తీసేయాలంటే నోటీసు, కారణం, విచారణ ఉండాలి. పేరు అన్యాయంగా పోయిందనుకుంటే నియోజకవర్గ ఓటర్ల నమోదు అధికారి ఉత్తర్వు మీద 15 రోజుల్లో కలెక్టరుకు, ఆ ఉత్తర్వు మీద 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ఈ మెట్లు ఎక్కినవారు అరుదు. పేరు పోయిందని తెలిసేదే పోలింగ్ రోజున కాబట్టి.

రెండు ఊళ్లు, రెండు ఓట్లు

తెలుగువారికి ఇది సొంత సమస్య. హైదరాబాద్‌లో ఒక ఓటు, సొంతూళ్లో ఇంకొకటి. 2018 డిసెంబరులో తెలంగాణ ఎన్నికలు, 2019 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఎన్నికలు వేర్వేరు తేదీల్లో జరగడంతో రెండుచోట్లా వేయడానికి వీలు చిక్కింది. 2024 మే 13న రెండు రాష్ట్రాల్లో ఒకే రోజు పోలింగ్ పడేసరికి ఎటో ఒకటి ఎంచుకోక తప్పలేదు, సంక్రాంతి రద్దీని మించి బస్సులు కిక్కిరిశాయి. చట్టం మాత్రం మొదటినుంచీ ఒకే మాట మీద ఉంది: 1950 చట్టం 17వ సెక్షన్ ఒకటికి మించిన నియోజకవర్గాల్లో నమోదును నిషేధిస్తుంది. ఊళ్లో ఇల్లో పొలమో ఉన్నంత మాత్రాన అక్కడ నివాసం ఉన్నట్టు కాదని 20వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. "అమ్మానాన్న అక్కడే ఉన్నారు కదా" అన్నది ప్రేమకు సంబంధించిన వాదన, చట్టానికి సంబంధించింది కాదు.

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలోని పరందోలి, ముకదంగూడ వంటి సరిహద్దు గ్రామాలది వేరే కథ. తెలంగాణ, మహారాష్ట్ర రెండూ తమవేనంటాయి, రెండు రాష్ట్రాలూ కార్డులిచ్చాయి, జనం రెండువైపులా ఓటు వేస్తూ వచ్చారు. ఆంధ్ర, ఒడిశా మధ్య కొటియా గ్రామాల్లోనూ అంతే. అక్కడ రెండు కార్డులు మోసం కాదు, రాష్ట్రాలు తేల్చుకోని గీత.

ఆధార్, పౌరసత్వం

డూప్లికేట్లను ఏరడానికి ఆధార్‌ను జత చేస్తామని ఎన్నికల సంఘం 2015 మార్చిలో మొదలుపెట్టి, ఆధార్ వాడకంపై సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు రావడంతో అదే ఏడాది ఆగస్టులో ఆపేసింది. తెలంగాణలో 2018 నాటి గల్లంతులకు మూలం ఆ కసరత్తులోనే ఉందని విమర్శకులు వాదించారు, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. 2021 సవరణతో ఆధార్ మళ్లీ వచ్చింది, ఈసారి స్వచ్ఛందమన్న పేరుతో, ఫారం-6బి రూపంలో. చిక్కేమిటంటే ఫారంలో ఆధార్ నంబరు ఇవ్వాలి, లేదా నాకు ఆధార్ లేదని రాయాలి. ఉంది కానీ ఇవ్వనని చెప్పే గడి లేదు. 2023లో దీనిమీద పడిన కేసు విచారణలో నంబరు తప్పనిసరి కాదని ఎన్నికల సంఘం సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆధార్ ఇవ్వలేదన్న కారణంతో పేరు తీసేస్తే అది చట్టవిరుద్ధం.

కార్డుకూ జాబితాకూ ఉన్న తేడా బిహార్‌లో బయటపడినంతగా మరెక్కడా పడలేదు. 2025 జూన్ 24న అక్కడ ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ ప్రకటించారు. 2003 జాబితాలో లేనివారు పత్రాలు చూపాలి. 1987 జులై 1కి ముందు పుట్టినవారు తమవి, ఆ తర్వాత 2004 డిసెంబరు 2 దాకా పుట్టినవారు తమతోపాటు తల్లిదండ్రుల్లో ఒకరివి, ఆ తర్వాత పుట్టినవారు ఇద్దరివీ. ఈ తేదీలు పౌరసత్వ చట్టం సవరణల నుంచి వచ్చినవి. అంగీకరించిన 11 పత్రాల్లో ఆధార్ లేదు. ఓటరు కార్డూ లేదు. బూత్‌లో ఓటు వేయించగల కార్డు, జాబితాలో ఉండటానికి పనికిరాలేదు. సుమారు 7.89 కోట్ల మంది ఉన్న జాబితా ఆగస్టు ముసాయిదాలో 7.24 కోట్లకు తగ్గింది. తీసేసిన దాదాపు 65 లక్షల పేర్లను కారణాలతో సహా ప్రచురించాలని ఆగస్టు 14న, ఆధార్‌ను పన్నెండో పత్రంగా తీసుకోవాలని సెప్టెంబరు 8న సుప్రీంకోర్టు ఆదేశించింది. అది గుర్తింపుకే, పౌరసత్వానికి రుజువు కాదన్న షరతుతో. సెప్టెంబరు 30 నాటి తుది జాబితాలో 7.42 కోట్లు.

2025 అక్టోబరులో ప్రకటించిన ఈ సవరణ రెండో విడతలో 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అందులో లేవు గానీ పుదుచ్చేరితోపాటు యానాం, తమిళనాడులోని తెలుగువారు దాని కిందికి వచ్చారు. ఈ సవరణ ఎక్కడ జరిగినా అడిగేది పాత జాబితాలో మీదో, మీ పెద్దలదో పేరు. చాలా రాష్ట్రాల్లో ఆ పాత జాబితా 2002-2004 మధ్యది. తెలుగునాట వెతికేవారు గుర్తుంచుకోవాల్సింది: అవి 2009లో అమలైన పునర్విభజనకు ముందు నియోజకవర్గాలు. జూబ్లీహిల్స్ అని వెతికితే దొరకదు, అప్పుడది ఖైరతాబాద్‌లో భాగం.

జాబితాలో చనిపోయినవారి పేర్లు, డూప్లికేట్లు ఉన్నాయన్నది అబద్ధం కాదు, వాటిని తీయాల్సిందే. కానీ ఉన్న ఓటరే తన అర్హతను మళ్లీ రుజువు చేసుకోవాలంటే, కాగితాలు భద్రపరచుకునే ఇళ్లే నెగ్గుతాయి. వలస కూలీ, పెళ్లై ఊరు మారిన స్త్రీ, వరదలో పెట్టె కొట్టుకుపోయిన కుటుంబం ఓడతాయి. ఒక దొంగ పేరు మిగిలిపోవడం, ఒక నిజమైన పేరు పోవడం రెండూ తప్పులే అయినా సమానమైనవి కావు. మొదటిదాన్ని బూత్‌లో ఏజెంటు, సిరా, 17ఎ రిజిస్టరు ఇంకా ఆపగలవు. రెండోదాన్ని బూత్‌లో ఎవరూ సరిచేయలేరు.

దూరాన ఉన్నవారు, మంచాన ఉన్నవారు

విదేశాల్లో ఉంటూ అక్కడి పౌరసత్వం తీసుకోనివారు ఫారం-6ఎతో, పాస్‌పోర్టులోని స్వదేశీ చిరునామా ఉన్న నియోజకవర్గంలో చేరవచ్చు. వారికి ఓటరు కార్డు ఇవ్వరు, బూత్‌లో అసలు పాస్‌పోర్టు ఒక్కటే చెల్లుతుంది. మనిషి స్వయంగా రావాలి. 2024లో దేశమంతటా ఇలా నమోదైనవారు సుమారు 1.2 లక్షలు, వచ్చి ఓటు వేసినవారు 3 వేలు కూడా లేరు.

బ్రిటన్‌లో చదువుకుంటున్న మన పిల్లల్లో చాలామందికి తెలియనిది ఇంకొకటి: కామన్‌వెల్త్ పౌరులుగా వారికి అక్కడి ఎన్నికల్లో ఓటు నమోదు చేసుకునే హక్కుంది. ఇంగ్లండ్‌లో 2023 మే స్థానిక ఎన్నికల నుంచి ఫొటో గుర్తింపు తప్పనిసరైంది, భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. ఆ మొదటిసారి పత్రం లేక వెనక్కి వెళ్లి మళ్లీ రానివారు దాదాపు 14 వేలని అక్కడి ఎలక్టోరల్ కమిషన్ లెక్క.

85 ఏళ్లు దాటినవారు, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారు నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లో ఫారం-12డి ఇస్తే సిబ్బంది ఇంటికొచ్చి ఓటు వేయిస్తారు. ఒకసారి దానికి ఒప్పుకున్నాక పోలింగ్ రోజు బూత్‌కు వెళ్లినా వేయనివ్వరు. ఇంట్లో పెద్దాయనకు మనవడి భుజం పట్టుకుని బూత్‌కే వెళ్లాలని ఉంటే, ఫారం ఇచ్చే ముందే ఆయన్ని అడగండి.

పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు పూర్తిగా వేరే జాబితా, ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది. పోయినసారి వేశామని ఊరుకుంటే పేరుండదు, ఫారం-18 మళ్లీ పెట్టాలి.

ఏ ఫారం ఇచ్చినా రిఫరెన్స్ నంబరు రాసిపెట్టుకోండి. పది రోజులకోసారి పోర్టల్లో స్థితి చూడండి, లేదా హెల్ప్‌లైన్ నంబరు 1950కి ఫోన్ చేయండి. దరఖాస్తు తిరస్కరించారని కనిపిస్తే కారణం అడిగి రాతపూర్వకంగా తీసుకోండి, కలెక్టరుకు అప్పీలు చేయడానికి పదిహేను రోజుల లెక్క ఆ ఉత్తర్వు తేదీ నుంచే మొదలవుతుంది.